ట్రిపుల్ ఏల దంచుతున్నోన్ని జూన్‌ల పైకి తేవాల్నా, ఆగాల్నా?

జడ్చర్ల_జీఎం:
అవుట్ ఆఫ్ ది పార్క్ అనే బేస్‌బాల్ మేనేజర్ కంప్యూటర్ గేమ్‌ల అరిజోనా టీమ్ నడిపిస్తున్న. గేమ్‌ల తారీఖు 2026 జూన్ 4. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందుండే మా ట్రిపుల్ ఏ టీమ్ రెనోల ఒక ఫస్ట్ బేస్‌మన్ ఉన్నడు. 22 ఏండ్లు, లెఫ్ట్ హ్యాండ్ బ్యాటర్, 2022ల 18 ఏండ్లకు హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయినోడు. మేజర్ టీమ్ తన కింద కాపాడుకునే 40 మంది రోస్టర్‌ల ఇంకా లేడు.

ఈ సీజన్ లెక్క: 212 ప్లేట్ అపియరెన్సులు (బ్యాటింగ్‌కు దిగిన సార్లు), 188 అట్-బ్యాట్లు (అందులకెళ్లి వాక్‌లు, హిట్ బై పిచ్, శాక్రిఫైస్‌లు తీసేస్తే మిగిలినయి), 57 హిట్లు, అందుల 11 డబుల్స్, 16 హోమ్ రన్లు. వాక్‌లు 22, స్ట్రైకౌట్లు 67, హిట్ బై పిచ్ 1, శాక్రిఫైస్ ఫ్లై 1. బ్యాటింగ్ సగటు, ఆన్ బేస్, స్లగ్గింగ్ వరుసగ 0.303 / 0.377 / 0.617. హోమ్ రన్లల 11 రెనోల కొట్టినయే.

రేటింగులు 20-80 స్కేల్‌ల, ముందుది ఇప్పటిది, వెనకది పొటెన్షియల్: కాంటాక్ట్ 40-50, గ్యాప్ 50-55, పవర్ 65-75, ఐ (బంతిని చూసి వదిలే నేర్పు) 50-55, అవాయిడ్ కే (స్ట్రైకౌట్ కాకుంట తప్పించుకునుడు) 30-40. లెఫ్టీ పిచర్ల మీద కాంటాక్ట్ 30 మాత్రమే.

పైన ఉన్న ఫస్ట్ బేస్‌మన్‌కు 33 ఏండ్లు, రైట్ హ్యాండ్, ఈ ఏడుతోని కాంట్రాక్ట్ ఒడుస్తది. డబ్ల్యూఆర్‌సీ ప్లస్ (100 అంటే లీగ్ సగటు బ్యాటర్) 96. ఫీల్డింగ్ లేకుంట బ్యాటింగే చేసే డీహెచ్ జాగా కూడ రోజుకొకరితోని నడుస్తుంది. ప్లేఆఫ్‌కు పోయే వైల్డ్ కార్డ్‌కు 3 గేములు వెనక ఉన్న. ఇంత కొట్టేటోన్ని కింద కూసోబెట్టుడు మనసొప్పుతలేదు. ఏం చేయమంటరు?

నల్లగొండ_లెక్కలు:
హోమ్ రన్లు జర పక్కకు పెట్టు తమ్మి, ముందుగాల ఆ 67 చూడు. 212ల 67 అంటే 31.6 శాతం స్ట్రైకౌట్లు. మేజర్లల సగటు 22 శాతం దగ్గర ఉంటది. కిందనే 31 దాటినోడు పైన 35కు తక్కువ ఉంటడని నేననుకోను. స్ట్రైకౌట్ శాతం తొందరగ నిలకడకొచ్చే లెక్క, 200 దాటినంక అది లక్కు కాదు. బ్యాటింగ్ సగటు సంగతి అట్ల కాదు, 188 అట్-బ్యాట్లల దాన్ని నమ్మొద్దు.

ఆ 0.303 ఎక్కడికెళ్లి వచ్చిందో చూడు. 57 హిట్లల 16 హోమ్ రన్లు తీసేస్తే 41. అట్-బ్యాట్లలకెళ్లి స్ట్రైకౌట్లు, హోమ్ రన్లు తీసేసి ఆ ఒక్క శాక్రిఫైస్ ఫ్లై కలిపితే 106. అంటే బంతి మైదానంల పడ్డప్పుడు హిట్ అయ్యే సగటు, మన బాబిప్, 0.387. ఫస్ట్ బేస్ ఆడేటోనికి అది నిలవదు. 0.320 వేసుకుంటే 106ల 34, హోమ్ రన్లు కలిపితే 50 హిట్లు, సగటు 0.266కు దిగుతది. మనిషి అదే, లెక్కనే ఉబ్బింది.

ఇగ గ్రౌండ్ సంగతి. రెనో సముద్ర మట్టానికి 1,350 మీటర్ల మీద ఉంటది, గాలి పల్చన, బంతి ఆగకుంట పోతది. బయటి గ్రౌండ్లల కొట్టినయి 5. ఆ బయటియి కూడ అల్బుకెర్కీ, సాల్ట్ లేక్, ఎల్ పాసో లాంటి ఎత్తైన ఊర్లే, కాబట్టి ఆ 5 కూడ పూరా సాఫు కాదు. నీ గ్రౌండ్ పేజీల లెఫ్టీ బ్యాటర్ల హోమ్ రన్ ఫ్యాక్టర్ (ఆ గ్రౌండ్ల హోమ్ రన్లు సగటు కంటె ఎంత ఎక్కువ తక్కువ అన్నది) వేరేగ ఉంటది, అది రెనోదానితోని పక్కపక్కన పెట్టి చూడు. మొత్తం ఫ్యాక్టర్ చూస్తే మోసపోతవు.

సరే, బయటి వేగమే పట్టుకుందం. 212ల సగం బయట ఆడిండనుకుంటే 106 అపియరెన్సులకు 5 అంటే 600కు 28. 35 శాతం లెక్కన స్ట్రైకౌట్లు 210, వాక్‌లు 55, అట్-బ్యాట్లు 540 వేసుకో. మైదానంల పడే బంతులు సుమారు 302, బాబిప్ 0.300 అనుకుంటే 91 హిట్లు. 28 కలిపితే 119. సగటు 0.220, ఆన్ బేస్ 0.300కు అటిటు, 25 డబుల్స్ ఇస్తే స్లగ్గింగ్ 0.420 దగ్గర. ఇది నీ 33 ఏండ్లాయన ఇచ్చే 96కే అటో ఇటో వచ్చి ఆగుతది. పవర్ నిజమే, కాదంటలేను. కాని ఈ రోజు తెచ్చినందుకు నీకు గెలుపులేం పెరగవు.

పాలమూరు_పేపర్‌వర్క్:
అన్న చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. నేను రోస్టర్ సంగతి చెప్తా, ఎందుకంటే తారీఖు తప్పు పడితే మూడేళ్ల తర్వాత డబ్బు పోతుంది.

18 ఏళ్లకు సంతకం చేసినవాడు, 2022 నుంచి లెక్కిస్తే ఇది ఐదో సీజన్. నవంబర్‌లో 40లో పెట్టకపోతే డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఎత్తుకుపోతారు. కాబట్టి 40లో జాగా ఎలాగూ ఇవ్వాల్సిందే, ఇప్పుడిస్తే ఐదు నెలలు ముందు ఇచ్చినట్టు. జాగా కోసం ఎవరినీ వదులుకోకముందు గాయాల లిస్టు చూడు. రెండు నెలల పైన ఆడలేని పిచర్ ఎవరైనా ఉంటే 60 రోజుల ఐఎల్‌కు మార్చు, అతను 40 లెక్కలోంచి పోతాడు.

ఆప్షన్ల దగ్గర, అంటే 40లో ఉన్నవాడిని కిందికి పంపగలిగే ఏళ్ల లెక్క దగ్గర, చాలామంది తప్పు చేస్తారు. 40లో పెట్టాక ఒక సీజన్‌లో మొత్తం 20 రోజులు కింద ఉంటే ఆ ఏడు ఆప్షన్ కాలిపోతుంది. ఉన్నవి మూడే. ఇప్పుడు తెచ్చి, జూలైలో భయపడి దింపి, సెప్టెంబర్‌లో మళ్లీ తెచ్చావంటే 2026ది ఉత్తగా పోయింది. నవంబర్‌లో పెడితే మూడూ 2027 నుంచి మొదలవుతాయి. 35 శాతం స్ట్రైకౌట్ల వాడికి ఆ మూడో ఏడు కచ్చితంగా అవసరం పడుతుంది.

ఇక సర్వీస్ టైమ్, అంటే మేజర్లలో ఉన్న రోజుల లెక్క. 172 రోజులు అంటే ఒక ఏడు. జూన్‌లో తెచ్చినా ఈ సీజన్ పూర్తి ఏడు కాదు, ఆ భయం లేదు. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17 దాకా ఆపి 171 రోజుల దగ్గర నిలబెట్టింది ఆ ఒక్క రోజు కోసమే అంటారు, దాంతో అతని ఫ్రీ ఏజెన్సీ (ఏ టీమ్‌కైనా పోయే హక్కు) ఒక ఏడు వెనక్కి పోయింది. నీ సమస్య సూపర్ టూ, అంటే మూడేళ్లు నిండకముందే ఆర్బిట్రేషన్ (జీతం మధ్యవర్తి తేల్చే పద్ధతి) దొరికే గీత. జూన్ 5న తెస్తే సెప్టెంబర్ 27 దాకా 115 రోజులు. ఆ తర్వాత పైనే ఉంటే 2028 చివరికి 2 ఏళ్ల 115 రోజులు. ఇటీవలి ఏళ్లలో సూపర్ టూ కటాఫ్ 2 ఏళ్ల 115 నుంచి 140 రోజుల మధ్య పడుతోంది, అంటే సరిగ్గా గీత మీద నిలబడ్డావు. గీత దాటితే మూడు సార్లకు బదులు నాలుగు సార్లు ఆర్బిట్రేషన్, అక్కడ హోమ్ రన్లకే ధర. జూన్ 18న తెస్తే 102 రోజులే. మృగశిర కార్తె పడ్డాక పది రోజులు ఆగి విత్తు వేసినట్టు అనుకో. లీగ్ సెట్టింగ్స్‌లో సూపర్ టూ అసలు ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే ఈ పేరా మొత్తం వదిలేయ్. జీతం గురించి ఆలోచించకు, 2026 కనీసం 7,80,000 డాలర్లు, అదీ ఉన్న రోజులకే.

మిర్యాలగూడ_డగౌట్:
ఇద్దరు చెప్పింది మంచిగుంది గాని అసలు సంగతి ఇంకోటి. తెచ్చినంక రోజూ ఆడిస్తవా? ఆడియ్యకుంటే తేకు, గంతే.

22 ఏండ్లోన్ని బెంచీ మీద పెడితే డెవలప్‌మెంట్ ఆగుతది. నిజం బేస్‌బాల్‌ల జోయీ గాలో సంగతి చూడు. 2016ల టెక్సాస్ వాళ్లు అప్పుడప్పుడు దించిన్రు: 25 అట్-బ్యాట్లల ఒక్క హిట్, 19 స్ట్రైకౌట్లు. 2017ల రోజూ ఆడనిచ్చిన్రు: సగటు 0.209, స్ట్రైకౌట్లు 196, కాని హోమ్ రన్లు 41. ఈ టైపు బ్యాటర్ కావాల్నంటే ఆ 196ను కడుపుల పెట్టుకోవాలె. ఓనర్ ప్లేఆఫ్ అడుగుతున్నప్పుడు నీకు ఆ ఓపిక ఉంటదా అన్నదే ప్రశ్న.

ఇంకొకటి, ఆ 75 పొటెన్షియల్ ఎవరు చెప్పిన్రు? నీ స్కౌట్ ఒక్కడేనా? ప్లేయర్ పేజీల ఓఎస్‌ఏ (గేమ్ సొంత స్కౌటింగ్ సంస్థ) అంచనా కూడ చూడు. స్కౌట్ 75, ఓఎస్‌ఏ 60 అంటే మధ్యలనే ఎక్కడో పెట్టుకో. నీ స్కౌట్ టూల్స్ (ఇప్పటి ఆట కంటె ముందుముందు సత్తా) దిక్కు మొగ్గేటోడైతే ఇంకింత తగ్గించుకో. రెండింట్ల అవాయిడ్ కే 40 అనే చూపిస్తే అది మారేది కాదు, ఆశ పెట్టుకోకు. వర్క్ ఎథిక్ ఎట్లుందో రాయలేదు నువ్వు, అది తక్కువుంటే ఆ 40 దాకా కూడ రాడు.

జడ్చర్ల_జీఎం:
ఓఎస్‌ఏ పవర్ పొటెన్షియల్ 65 అంటుంది, అవాయిడ్ కే 40. వర్క్ ఎథిక్ నార్మల్. సూపర్ టూ ఆన్‌లనే ఉంది. రైట్ హ్యాండ్ పిచర్లు వచ్చిన రోజు ఈయన, లెఫ్టీలు వచ్చిన రోజు పాతాయన, అట్ల ప్లటూన్ నడిపిస్తే? లెఫ్ట్ ఫీల్డ్ నేర్పిద్దమా?

నల్లగొండ_లెక్కలు:
లెఫ్ట్ ఫీల్డ్ పైన నేర్పకు. పొజిషన్ అనుభవం ఆ జాగల గేములు ఆడితేనే పెరుగుతది, పెరిగేదాంక ప్రతి ఎర్రర్ నీ పిచర్ల మీద పడుతది. రెనోల వారానికి రెండు గేములు లెఫ్ట్‌ల పెట్టు. ఆర్మ్, రేంజ్ రెండూ 35 కిందుంటే ఆ పని కూడ వద్దు, డీహెచ్ ఉంది గదా.

ప్లటూన్ లెక్కకు మంచిదే. మొత్తం పిచింగ్‌ల రైట్ హ్యాండ్ వాళ్లే ఎక్కువ, నాలుగింట మూడొంతుల దాకా ఈయనకే వస్తయి. లెఫ్టీల మీద 30 కాంటాక్ట్ ఇప్పట్ల బాగుపడేది కాదు, దాన్ని దాచుకుంటే 96 కాస్త పైకి పోతది.

మిర్యాలగూడ_డగౌట్:
ప్లటూన్ అయితే నాక్కూడ ఓకే, వారానికి నాలుగైదు గేములు దొరుకుతయి. కాని ఇప్పుడు కాదు. రెండు వారాలు రెనోలనే ఉంచు, 55 నుంచి 60 అపియరెన్సులు వస్తయి. ఆ రెండు వారాల స్ట్రైకౌట్లు 16 దాటకుంటే, అంటే 28 శాతం అటిటు ఉంటే, జూన్ 18న తే. 20 అయితే సెప్టెంబర్ 1 దాంక మర్చిపో, అప్పుడు రోస్టర్ 28 అయితది.

మైనర్ లీగ్ ప్రమోషన్లు ఏఐ చేతిల పెట్టి ఉంటే ఈయన మీద లాక్ వెయ్యి, లేకుంటే నువ్వు రెండు వారాలు సిమ్ చేసి వచ్చేసరికి ఎక్కడున్నడో నీకే తెల్వదు. తెచ్చిన రోజు రెండు లైనప్‌లు వేరేగ సేవ్ చెయ్: రైట్ హ్యాండ్ పిచర్లదాంట్ల ఆరో నంబర్ ఫస్ట్ బేస్, లెఫ్టీలదాంట్ల పాతాయన. రెండో నంబర్ల మాత్రం పెట్టకు, 0.300 ఆన్ బేస్‌కు అది ఎక్కువ.