పుష్కరాల డబ్బు ఎక్కడ పెట్టాలి: పాత రాజమండ్రిలోనా, రింగు రోడ్డు మీదా?

పాతూరోడు:
2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. మళ్ళీ గోడలకి రంగులు, డివైడర్ల మీద పూలకుండీలు. నా మాట ఒకటే, ఈసారి వచ్చే ప్రతి రూపాయీ పాతూళ్ళో పెట్టాలి. ఇన్నీసుపేట, కోటగుమ్మం, మెయిన్ రోడ్డు వెనక సందుల్లో ఒకసారి తలెత్తి చూడండి. కింద బట్టల కొట్టు, పైన పావురాలు. ఎన్ని మేడలకి పై అంతస్తులు తాళాలు పడి ఉన్నాయో! వాటిని బాగుచేసి అద్దెకిచ్చే యజమానికి ఇంటి పన్ను తగ్గించండి, కొత్త లేఅవుటు లేకుండానే చాలామందికి ఇల్లు దొరుకుతుంది. రెండోది ఊరి మురుగుని గోదాట్లోకి మోసే నల్లా ఛానెల్ వెడల్పు చేయాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తేనే మొదటి వరద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 21 అడుగులు దాటింది. నది ఎత్తుమీదుంటే ఊరి మురుగు అందులోకి దిగదు కదా, మోటార్లతో తోడుకోవాల్సిందే. ఇవి వదిలేసి ఊరి చుట్టూ రింగు రోడ్డంటారేంటండీ?

లాలాచెరువు బుల్లోడు:
గురువుగారూ, మీ పాతూళ్ళో అంబులెన్సు తిరగడానికే చోటు లేదు, ఇంకా జనాన్ని ఎక్కిస్తారా? 2022లో జిల్లాలు విడగొట్టాక నది అవతలి కొవ్వూరు, నిడదవోలు మన జిల్లాలోకే వచ్చాయి. అటువాళ్ళకి కలెక్టరుతో పని పడితే నది దాటాలి. రైలు-రోడ్డు వంతెన 1974 నాటిది. రిపేరని మూసినప్పుడల్లా గామన్ బ్రిడ్జి మీంచి చుట్టు తిరిగి రావడమే. ఊరు పెరిగేది హైవే వెంట, రాజానగరం వైపు. యూనివర్సిటీ అక్కడే ఉంది. రోడ్డు ముందు వెయ్యండి, ఇళ్ళు వాటంతటవే వస్తాయి. మా లాలాచెరువు నించి ఊళ్ళోని కోటిపల్లి బస్టాండుకి ఇప్పుడు 20 నిమిషాలు. రింగు రోడ్డుంటే లారీలు ఊళ్ళోకి రావు, ఇంకా తగ్గుతుంది.

పాతూరోడు:
20 నిమిషాలా? ఏ కాలంలో?

కడియం మొక్కలు:
రింగు రోడ్డంటే మళ్ళీ మా నర్సరీ మడులే పోతాయి. అంతేగా, ఆయ్.

లాలాచెరువు బుల్లోడు:
నిన్నే వచ్చానండి. 20.

పాతూరోడు:
నిన్న ఆదివారం. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి రండి, దేవీ చౌక్ దగ్గరే పావుగంట నిలబడతారు. అదీ మీకు బండి ఉంది కాబట్టి. లేనివాళ్ళ సంగతేంటి?

లాలాచెరువు బుల్లోడు:
షేర్ ఆటోలున్నాయిగా.

గోదారి గట్టు:
మీ నిమిషాలు కాసేపు పక్కన పెట్టండి. 2023 ఆగస్టులో కేంద్రం ఈ-బస్సుల (కరెంటు బస్సుల) పథకానికి ఒప్పుకుంది. 2011 లెక్కల్లో 3 లక్షలు దాటిన ఊళ్ళకి మొత్తం 10,000 బస్సులు, నడిపే ఖర్చులో పదేళ్ళు సాయం. మన ఊరు అప్పటికే 3 లక్షలు దాటింది. అయితే బస్సుకి జనం ఒకచోట ఉండాలి. చేనుకొకటి, చెలకకొకటి లేఅవుటు వేసుకుంటూ పోతే ఏ బస్సూ కిట్టుబాటు కాదు.

డెల్టా రైతు:
రోడ్డు గట్టు మురుగు వాలుకి అడ్డంగా పడిందంటే అది రోడ్డు కాదండి, ఆనకట్ట. తూములు చాలినన్ని పెట్టరు. మా చేలో కోతకొచ్చిన వరి వారం రోజులు నానింది ఒకసారి, కంకి మీదే మొలకలొచ్చాయి.

లాలాచెరువు బుల్లోడు:
అందరూ ఒకటయ్యారు, బాగుంది. పాతూరోడు గారి పై అంతస్తుల ప్రేమ ఎందుకో నేను చెప్తాను. ఆయనకి ఇన్నీసుపేటలో మూడు పోర్షన్లున్నాయి, అద్దెలు పెరగాలి! నేను ఆ పేటలో ఆరేళ్ళు అద్దెకున్నాను. మా ఓనరు రాత్రి ఎనిమిదింటికి మోటారు కట్టేసేవాడు. మేం ఎన్ని బిందెలు పట్టుకున్నామో వాళ్ళావిడ గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. మా ఆవిడ నెలలు నిండి ఉంటే ఒక గీత ఎక్కువైందని మెట్ల మీద నిలబెట్టి అడిగింది. అందుకే అప్పు చేసైనా హైవే పక్కన 200 గజాలు కొనుక్కున్నాను.

పాతూరోడు:
అదీ అసలు సంగతి! రోడ్డొస్తే నీ గజం రేటు పెరుగుతుంది. ఎవడో గీతలు గీస్తే దానికి నేనా జవాబుదారీ?

గట్టుమీది గంగ:
ఇద్దరూ కాస్త ఆగుతారా అండి? మాది ఛానెల్ గట్టు మీదే ఇల్లు. వెడల్పు చేస్తే ముందు పోయేది మేమే. పోనీ ఎక్కడికెళ్ళాలి? 2020లో మా అమ్మకి ప్రభుత్వం ఇచ్చిన సెంటు ఇళ్ళస్థలం పట్టా వచ్చింది. సెంటంటే 48 గజాలు. వానల్లో చూడ్డానికెళ్తే తుంగ నడుంవరకూ ఉంది, హద్దు రాయి నీళ్ళలో ఉంది. అమ్మ దానవాయిపేటలో నాలుగిళ్ళలో పని చేస్తుంది, ఐదున్నరకల్లా మొదటింట్లో ఉండాలి. ఆ వేళకి అక్కణ్ణించి ఆటో రాదు, వచ్చినా రానూపోనూ ఎనభై అడుగుతాడు. పాతూరోడు గారూ, మేడల మీద ఖాళీగా ఉన్నాయన్నారు కదా, మీ మేడ మీద మా అమ్మకి అద్దెకిస్తారా? ఎంతకిస్తారు?

పాతూరోడు:
అమ్మా, నేను మాట్లాడేది పథకం గురించి, మా ఇంటి గురించి కాదు.

లాలాచెరువు బుల్లోడు:
హహహ. చెప్పండి సార్, చెప్పండి.

గట్టుమీది గంగ:
మీరు నవ్వకండి. మీ లేఅవుటు గేటు దగ్గర మా బాబాయి ఆటో కూడా ఆపనివ్వరు. పనివాళ్ళు వెనక దారిన రావాలట.

లాలాచెరువు బుల్లోడు:
అది కమిటీ పెట్టిన రూలు. నేను కమిటీలో లేను.

గోదారి గట్టు:
రోడ్డా, పాతూరా అన్నది కాదన్నమాట గొడవ. ఎవరి పక్కన ఎవరుండాలన్నదే.

పాతూరోడు:
అలా మాటలు తిప్పకండి. మా పై భాగానికి బయట మెట్లు లేవు. మా హాల్లోంచే ఎక్కాలి. ఇంట్లో పూజలు, చుట్టాలు. ఎలా ఇస్తానమ్మా?

గట్టుమీది గంగ:
బయట మెట్లు కట్టడానికి ఎంతవుతుందండి? మీరడిగిన పన్ను తగ్గింపులో సరిపోదా?

కడియం మొక్కలు:
పాతూరోడు గారు ఆన్‌లైన్‌లోనే ఉన్నారు.

లాలాచెరువు బుల్లోడు:
ఇవాళ సోమవారం కదా, టైము చూసుకుని మరీ బయల్దేరాను. 34 నిమిషాలు. కానీ దేవీ చౌక్ దగ్గర పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చింది, అది లెక్కలోకి రాదు.