నిద్రలో తన్నడం, కేకలు: గాలి సోకిందంటున్నారు, మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా?

పర్లాకిమిడి_కోడలు:
మా మావయ్యగారికి 64. కొన్నాళ్లుగా తెల్లవారుజామున నిద్రలోనే కేకలేస్తున్నారు, కాళ్లూ చేతులూ విసురుతున్నారు. మొన్న మంచం మీంచి పడి భుజం వాచింది. లేపితే "ఎద్దు పొడవొచ్చింది, తన్నాను" అన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పగలు మాత్రం మనిషి మామూలే, కొట్లో లెక్కలు కూడా ఆయనే చూస్తారు. చాలా భయంగా ఉంది.

బరంపురం_నర్సు:
చెల్లీ, తెల్లవారుజామున అన్నావు చూడు, అదే ముఖ్యం. కలలు బాగా వచ్చే నిద్రలో రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదుల్తాయి. రెమ్ నిద్ర అంటారు, 1953లో బయటపెట్టారు. తెల్లారేకొద్దీ అది ఎక్కువవుతుంది. ఆ సమయంలో మెదడు ఒళ్లు కదలకుండా కట్టేస్తుంది, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. కొందరికి ఆ కట్టు వదిలిపోతుంది. 50 దాటిన మగవాళ్లలో ఎక్కువ. తాయెత్తు ఉంటే ఉండనీ, నరాల డాక్టరుకి మాత్రం తప్పకుండా చూపించు. ఇలాంటి వాళ్లలో చాలామందికి ఏళ్లు గడిచాక పార్కిన్సన్స్ (ఒళ్లు వణికే నరాల జబ్బు) లాంటివి వస్తాయి. రేపే వస్తుందని కాదు, ముందే కనిపెట్టుకుని ఉండాలని. దానికి ముందు కనిపించే గుర్తులు, అంటే వాసన తెలియకపోవడం, మలబద్ధకం ఉన్నాయా? కొన్ని డిప్రెషన్ మాత్రల వల్ల కూడా ఇలా అవుతుంది, వాడే మందులన్నీ పట్టుకెళ్లు.

సిరొంచ_మాస్టర్:
నాది దీనికి ఉల్టా. మెలకువ వస్తది, కాలు చెయ్యి కదలదు, ఛాతీ మీద ఎవరో కూసున్నట్టుంటది. మా దిక్కు దయ్యం కూసుందంటరు. గోదారి అవతల డాక్టరుకు చూపిస్తే, మనసు ముందు లేచింది, ఒంటి కట్టు ఇంకా ఇడవలేదు, అంతే అన్నడు. నిద్ర తక్కువైతే, ఎల్లెలకల పంటె ఎక్కువొస్తదట. పరీక్ష పేపర్లు దిద్దే రోజులల్ల నాకు మస్తు వచ్చేది. ఇప్పుడు పక్కకు తిరిగి, టైముకు పంటున్న. చానా తగ్గింది.

రాయగడ_రైతు:
మా అమ్మ ఇన్సులిన్ మీద ఉంది. రాత్రి సరిగా తినని రోజు పీడకలలతో, ఒళ్లంతా చెమటతో లేచేది. ఓసారి అప్పటికప్పుడు షుగర్ చూస్తే 58. 70 కంటే దిగితే చాలు, ప్రమాదమే. డాక్టరు మోతాదు మార్చాక ఆ కలలు పోయాయి. షుగరున్న ఇళ్లలో పీడకలని కలే కదా అని వదిలేయకండి.

పర్లాకిమిడి_కోడలు:
అక్కా, వాసన అడిగారు కదా. కూర మాడినా మావయ్యగారికి తెలియడం లేదని అత్తయ్య చాన్నాళ్లుగా అంటోంది. ముక్కు దిబ్బడ అనుకున్నాం. మలబద్ధకం కూడా ఉంది. సోమవారం విశాఖ తీసుకెళ్తున్నాం.

బరంపురం_నర్సు:
మంచి పని. వెళ్లేలోగా పరుపు నేల మీద వెయ్యండి, పక్కన బల్ల, గాజు సామాను తీసేయండి. అత్తయ్యగారిని కొన్నాళ్లు వేరే పక్క మీద పడుకోమను, పక్కనున్న వాళ్లకీ దెబ్బలు తగులుతాయి. కేకలేసేటప్పుడు ఫోన్లో వీడియో తీయి, డాక్టరుకి మాటలకంటే అదే బాగా పనికొస్తుంది. రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి నిద్ర పరీక్ష చేద్దామంటే వద్దనకండి. దీనికి మందులున్నాయి. ఏం చెప్పారో ఇక్కడ రాయి, ఎదురుచూస్తుంటాను.