అండర్-15 ప్లేయర్‌కి రోజుకి ఎన్ని కేలరీలు? లోడ్ కలిపితే లెక్క ఎక్కడికో పోతోంది

వింగ్‌బ్యాక్: మధ్యాహ్నం నుంచీ దీంతోనే కుస్తీ పడుతున్నాను. అండర్-15 ఫుట్‌బాల్ ప్లేయర్, బరువు 50 కిలోలు, వారానికి నాలుగు ప్రాక్టీసులు, ఒక మ్యాచ్. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి రోజుకి ఎన్ని కేలరీలు కావాలో చెప్పే స్కోఫీల్డ్ సూత్రంలో వేస్తే 17.686 × 50 + 658.2, అంటే 1,543. దాన్ని, రోజులో ఎంత కదులుతారన్నదాన్ని బట్టి వేసే యాక్టివిటీ ఫ్యాక్టర్ 2తో గుణించి, పైన ట్రైనింగ్ లోడ్ 540 కలిపితే 3,626 కేలరీలు తేలింది. చేతి వాచీ ఏమో 2,300 అంటోంది! ఏది నమ్మి చావాలి? ఎక్సెల్ ఫార్ములాలు మళ్ళీ మళ్ళీ చూశాను, తప్పేం లేదు. ఈ మధ్య సెకండ్ హాఫ్‌కి వచ్చేసరికి ఆ ప్లేయర్‌కి నీరసం వచ్చేస్తోంది, అందుకే ఈ తంటా అంతా.

గోల్‌కిక్: 540 ఎక్కడిది?

వింగ్‌బ్యాక్: ఎక్కడిదేమిటండీ, లోడే కదా. 90 నిమిషాలు, ఆర్‌పీఈ (ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఇచ్చే అంకె) 6.

గోల్‌కిక్: అది కేలరీ కాదు. తీసెయ్యండి.

టచ్‌లైన్ మాస్టారు: ఆ ముక్క కాస్త విడమర్చి చెబితే ఏం పోయిందయ్యా? ప్రాక్టీసు అయిన ఓ అరగంటకి "ఎంత కష్టంగా అనిపించింది, పదికి ఎంతిస్తావు" అని పిల్లల్ని అడిగి, ఆ అంకెని నిమిషాలతో గుణిస్తే వచ్చేది సెషన్ లోడ్. రాత్రి సరిగ్గా నిద్ర లేకపోతే అదే ప్రాక్టీసుకి 6 కాస్తా 8 అవుతుంది, ఖర్చయిన శక్తి మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. దాన్ని కేలరీల్లో కలపడమంటే కిలోమీటర్లకి గంటలు కూడటమే. అది సరే, మీరు అసలు చూడాల్సింది వేరే ఉంది. ఈ వారం లోడ్‌ని నాలుగు వారాల సగటుతో భాగించండి. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే ఫరవాలేదు. 1.5 దాటిందా, ఎదిగే వయసు మోకాళ్ళు, మడమలు...

కార్నర్ జెండా: మళ్ళీ మొదలెట్టారా మాస్టారూ ఆ నిష్పత్తి పురాణం! ఈ వారం అంకె పైనా ఉంటుంది, కింద సగటులోనూ ఉంటుంది. అలాంటి భాగహారంతో గాయాలు ముందే పసిగడతామంటే ఎలా?

టచ్‌లైన్ మాస్టారు: ఈ వారాన్ని వదిలేసి వెనక వారాలే తీసుకునే పద్ధతి కూడా ఉంది నాయనా.

కార్నర్ జెండా: ఉంది, దాంతోనూ ఒరిగిందేం లేదు. అసలు మీరు ఏ లోడ్ గురించి మాట్లాడుతున్నారు? జీపీఎస్‌లో వచ్చే దూరం, స్ప్రింట్లు బయటి లోడ్. ఆర్‌పీఈ, గుండె వేగం లోపలి లోడ్. రెండూ కలగాపులగం చేసేస్తున్నారు.

టచ్‌లైన్ మాస్టారు: నేను చెప్పింది లోపలి దాని గురించే. పైకి వెళ్ళి మళ్ళీ చదువుకో.

వింగ్‌బ్యాక్: అయ్యా, నా కేలరీల సంగతి?

హాఫ్‌టైమ్: నేను డైటీషియన్‌ని, చెబుతాను. ఫ్యాక్టర్ 2 అని వేశారంటే ప్రాక్టీసు ఖర్చు అందులోకి వచ్చేసినట్టే. దానిమీద ఇంక ఏదీ కలపకూడదు, 540 నిజంగా కేలరీలే అయినా సరే. మిగిలేది 3,086. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీ అబ్బాయిల్ని డబ్లీ లేబుల్డ్ వాటర్‌తో (ప్రత్యేకమైన నీళ్ళు తాగించి ఒంట్లో ఖర్చయ్యే శక్తిని లెక్కకట్టే పద్ధతి) కొలిస్తే అండర్-15లో సగటు 3,000 పైచిలుకే వచ్చింది. కాబట్టి మీ వాడికి అదేం విడ్డూరం కాదు.

వింగ్‌బ్యాక్: మా వాడెవరండీ? మాది అమ్మాయిల టీమ్.

గోల్‌కిక్: ఇప్పుడా చెప్పేది?

హాఫ్‌టైమ్: అయితే సూత్రమే మారిపోతుంది. 10–18 ఏళ్ళ అమ్మాయిలకి 13.384 × 50 + 692.6, అంటే 1,362. ఫ్యాక్టర్ 1.8 వేసుకుంటే 2,450 దరిదాపుల్లో ఉంటుంది. వాచీతో పేచీ దాదాపు తీరిపోయింది, అలాగని వాచీలు నమ్మదగ్గవని కాదు. సరే, ఆ అమ్మాయి తినేది ఎంత? నెలసరి సరిగ్గా వస్తోందా?

వింగ్‌బ్యాక్: తిన్నదల్లా రాయిస్తున్నాం, 1,600 దగ్గర తేలుతోంది. రెండోది నేనెలా అడుగుతానండీ? ఉండండి, వాళ్ళమ్మగారికి ఫోన్ చేస్తాను.

వింగ్‌బ్యాక్: చేశాను. కొన్ని నెలలుగా రావడం లేదట. ఆటల్లో ఉన్న పిల్లలకి మామూలేనని ఊరుకున్నారట.

హాఫ్‌టైమ్: మామూలు కాదు. ముందు డాక్టర్‌కి చూపించమనండి, కారణాలు వేరే కూడా ఉండొచ్చు. నాకున్న అనుమానం ఇది: 50 కిలోల్లో కొవ్వు పోను 40 అనుకుందాం. తిన్న 1,600లోంచి ప్రాక్టీసుకి ఓ 500 పోతే మిగిలేది 1,100. కిలోకి 27.5. శరీరం సజావుగా నడవాలంటే 45 ఉండాలంటారు, 30 కన్నా తగ్గితే హార్మోన్లు, ఎముకలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికే రెడ్-ఎస్ (ఆటకి, ఒంటికి సరిపడా శక్తి అందకపోవడం) అని పేరు పెట్టింది. ఈ హద్దులు పెద్దవాళ్ళైన ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లోంచి వచ్చినవి, పైగా తిన్నదంతా ఎవరూ రాయరు, కాబట్టి దీన్ని పట్టుకుని ఏ తీర్పూ ఇవ్వకండి. బరువు గురించి ఆ పిల్ల ముందు ఒక్క మాట కూడా వద్దు. ప్రాక్టీసుకి ముందు ఏదైనా తిననివ్వండి, అవగానే మళ్ళీ పెట్టించండి. డాక్టర్ సరేననే దాకా పరుగులు తగ్గించండి.

టచ్‌లైన్ మాస్టారు: తగ్గించాక మళ్ళీ పెంచేటప్పుడైనా ఆ నిష్పత్తి...

గోల్‌కిక్: అబ్బబ్బా.

వింగ్‌బ్యాక్: డాక్టర్ దగ్గర టైమ్ తీసుకున్నారు. 540 తీసేశాను. థాంక్సండీ.

కార్నర్ జెండా: ఆ వాచీ గుండె వేగం చూసి లెక్క కడుతుందా, అడుగులు చూసి కడుతుందా?