అక్వేరియంలో మొక్కలు పోతున్నాయి, పాచి మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతోంది.. లైట్ పెంచాలా, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) పెట్టాలా?

గాజుతొట్టి_అమలాపురం
నమస్తే అండి. మూణ్ణెల్ల క్రితం రెండడుగుల ట్యాంక్ కొన్నాను, ఇసక గట్రా పోగా నీళ్ళు ఓ 60 లీటర్లు. మొక్కలకి మంచిదని షాపాయన ఊదారంగు లైట్ ఒకటి అంటగట్టాడు, అది చాలదేమో అని నేనే ఇంకో 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబు బిగించాను, పొద్దున్న ఏడింటికి వేస్తే ఆపేది సాయంత్రం ఆరింటికే. నీళ్ళు బోరువే. ఇప్పుడు అనుబియాస్ ఆకుల అంచులకి నల్లగా గెడ్డంలా వెంట్రుకలు మొలిచాయి, గోటితో గీకినా రావట్లేదు. రొటాలా అయితే కింద ఆకులన్నీ రాల్చేసి పైన నాలుగాకులతో కొబ్బరిచెట్టులా నిలబడింది. విచిత్రం ఏంటంటే మా కాలవలోంచి సరదాకి తెచ్చి పడేసిన నాచు మొక్క మాత్రం వారం వారం పీకి పారేసినా మళ్ళీ నిండిపోతోంది, కాకపోతే ఆకులు ముట్టుకుంటే సున్నం పూసినట్టు గరగరలాడుతున్నాయి. లైట్ ఇంకా పెంచమంటారా, సిలిండర్ కొనమంటారా? ఎయిర్ పంప్ 24 గంటలూ తిరుగుతోంది, గాలిలో సీఓటూ ఉంటుంది కదా అని నా లెక్క.

కడియం_కుండీలు
లైట్ పెంచొద్దండి బాబూ, ముందు ఆ రెండోది తీసేయండి. 11 గంటలు చాలా ఎక్కువ, ఆరేడు గంటలు చాలు. ఊదా లైట్‌ని తిట్టుకోవద్దు, మొక్క దాంతోనూ పెరుగుతుంది, చూడ్డానికే రికార్డింగ్ డాన్సు స్టేజీలా ఉంటుంది. మీది వెలుగు తక్కువైన జబ్బు కాదు. అనుబియాస్ నీడమొక్క, మా నర్సరీల్లో గ్రీన్ నెట్ కింద ఉంచే రకం లాంటిది, దాని నెత్తిన అంత వెలుగు పోస్తే తనేమో మెల్లగా పెరుగుతుంది, ఈలోగా పాచి వచ్చి దాని మీద కూర్చుంటుంది. గెడ్డం పట్టిన ఆకులు కోసేయండి, అవి బాగుపడవు.

ఎయిర్ పంప్ సంగతి: గాలితో సమానం అయ్యాక నీళ్ళలో మిగిలే సీఓటూ లీటరుకి అర మిల్లీగ్రాము పైచిలుకు, అంతే. అంతకన్నా ఎక్కువుంటే పంపు బయటికి తోసేస్తుంది. రేపు సిలిండర్ పెట్టినా పగలంతా పంపు తిప్పితే డబ్బులు బుడగల్లో పోయినట్టే.

వెనామీ_బాబాయ్
మాది భీమవరం దగ్గరండి, రొయ్యల చెరువులు. ఇది మాకు రోజూ ఉండే తలనొప్పే, మీది గాజుపెట్టెలో ఉంది, అంతే తేడా. చెరువులో పీహెచ్ తెల్లారుజామున తక్కువ, మధ్యాహ్నం మూడింటికి ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఎండలో పాచి నీళ్ళలో సీఓటూ లాగేస్తుంది, రాత్రి అన్నీ ఊపిరితో సీఓటూ వదుల్తాయి కాబట్టి మళ్ళీ దిగుతుంది. మీరు ఏదైనా ఆక్వా షాపులో ఆల్కలినిటీ (అంటే నీళ్ళలో బైకార్బొనేట్ లాంటివి ఎంతున్నాయో), పీహెచ్ చూపించుకోండి, పొద్దున లైట్ వేయకముందు ఓసారి, ఆపేముందు ఓసారి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, గుడ్డిగా సిలిండర్ కొనకండి.

గాజుతొట్టి_అమలాపురం
చూపించానండి. ఆల్కలినిటీ 240. పీహెచ్ పొద్దున్న 8.1, సాయంత్రం 8.6.

వెనామీ_బాబాయ్
అదీ సంగతి. 240ని 17.9తో భాగిస్తే 13 చిల్లర, అక్వేరియం వాళ్ళు కేహెచ్ అనేది అదే. దాన్ని మూడుతో గుణించి పీహెచ్‌తో లెక్క కడితే మీ ట్యాంకులో సీఓటూ పొద్దున్న 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు), సాయంత్రానికి 1. సిలిండర్ పెట్టేవాళ్ళు పట్టుకునే గురి 30 దగ్గర. అంటే ఉన్న గుప్పెడు బియ్యం మధ్యాహ్నానికే అయిపోతోంది, మీరేమో సాయంత్రం దాకా పొయ్యి మండిస్తున్నారు.

మరి నాచు ఎలా బతికింది అంటే, అది మహా గడుసుది. సీఓటూ దొరక్కపోతే నీళ్ళలో ఉన్న బైకార్బొనేట్‌ని విరిచి తింటుంది, మీ బోరు నీళ్ళలో అది బోలెడుంది. ఆ విరిచినప్పుడు కాల్షియం ఆకుల మీదే పేరుకుంటుంది, మీకు గరగరలాడింది అదే. వాలిస్నేరియా కూడా ఈ బాపతే, మీ నీళ్ళకి కళ్ళు మూసుకుని వేసుకోవచ్చు. జావా మాస్, ఫెర్న్‌లకి ఆ విద్య రాదు. అలాగే వాలిస్నేరియా వేస్తే లిక్విడ్ కార్బన్ అని సీసాల్లో అమ్మేది పోయకండి, అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్, వాలిస్నేరియా ఆకులు కరిగిపోతాయి.

నర్సాపురం_లేసు
సిలిండర్ ఖరీదెందుకని నేను పంచదార, ఈస్టు సీసా పెట్టానండి, ఈస్టు పంచదార తిని సీఓటూ వదుల్తుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, రెండు కప్పుల పంచదార, పావు చెంచా ఈస్టు, చలికాలంలో రెండు వారాలు బానే నడిచింది. మే నెలలో అదే కొలత పెడితే ఎండకి పొంగిపోయి ఆ తెల్ల నురగంతా గొట్టంలోంచి ట్యాంకులోకి దిగిపోయింది, తెల్లారి లేచేసరికి నీళ్ళు కల్లు రంగు, గప్పీ చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, మూడు పోయాయి. మధ్యలో ఇంకో చిన్న ఖాళీ సీసా పెట్టి ఉంటే నురగ అందులోనే ఆగేదట, తర్వాత తెలిసింది. అసలు ఇబ్బంది రాత్రి దాన్ని ఆపలేకపోవడం. రాత్రి మొక్కలకి సీఓటూ అక్కర్లేదు, చేపలకి ఆక్సిజన్ కావాలి, కాబట్టి పంపు రాత్రి వేసుకోండి, పగలు ఆపండి.

గాజుతొట్టి_అమలాపురం
మూడు వారాలైందండి. ట్యూబు తీసేసి లైట్ రోజుకి ఆరున్నర గంటలకి తగ్గించాను, వాలిస్నేరియా వేశాను, కొత్త గెడ్డం రావట్లేదు. రొటాలా మీద ఆశ చావక చిన్న సిలిండర్ కొంటున్నాను. గ్యాస్ ఎక్కడ నింపుతారని మా గోళీసోడా ఆయన్ని అడిగితే ఎన్ని సీసాలు కొడతావు అన్నాడు, మొక్కలకి అంటే నన్ను ఎగాదిగా చూసి, పోనీలే పట్రా నాతోపాటు నింపిద్దాం అన్నాడు.

వెనామీ_బాబాయ్
నింపించే ముందు సిలిండర్ మీద టెస్ట్ తేదీ చూడండి, మన ఎండల్లో లోపల ప్రెషర్ 70 బార్ దాటుతుంది, రెగ్యులేటర్ లేకుండా తిప్పొద్దు, ఆటోలో పడుకోబెట్టి తేవద్దు. లైట్ వేయడానికి గంట ముందు గ్యాస్, ఆపడానికి గంట ముందు బంద్. మీ ఆల్కలినిటీకి పీహెచ్ 7.1 దగ్గరికి దిగితే 30 వచ్చినట్టు, కానీ ఒక్కరోజులో దించకండి, వారం పది రోజులు తీసుకోండి, చేపలు పైకి తేలితే వెంటనే కట్టేసి పంపు వేయండి. డ్రాప్ చెకర్ (సీఓటూని బట్టి రంగు మారే చిన్న గాజు బుడ్డి) ఒకటి ట్యాంకులో వేలాడదీసుకోండి, నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ బాగుంది, పసుపు అయితే ప్రమాదం. ఇంకోటి, గ్యాసు దానంతటదే వేసి ఆపడానికి తిప్పే రకం టైమర్ కొన్నారంటే కరెంటు పోయిన ప్రతిసారీ అంతసేపు వెనకబడుతుంది, నాలుగు కోతలయ్యాక మీ గ్యాసు రాత్రి పదింటికి మొదలవుతుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది తీసుకోండి.