ఇంటర్‌లో ఆంగ్ల కవిత్వాన్ని ఎలా చదివించాలి?

ప్రశ్న (అమలాపురం): మా అమ్మాయి హెచ్‌ఈసీ గ్రూపుతో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం కావడంతో గైడులోని సారాంశాలను కంఠస్థం చేస్తోందే తప్ప, పద్యాన్ని తెరిచి చూడడం లేదు. డిగ్రీలో ఆంగ్ల సాహిత్యం తీసుకోవాలని ఆమెకు బలమైన కోరిక. ఇప్పటినుంచే ఏం చేయించాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (రాజమహేంద్రవరం): సారాంశం పరీక్షకు సరిపోవచ్చు గాని, సాహిత్యం చదవాలనుకునే పిల్లకు అది చాలదండీ. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో ఒకదాన్ని ఎంచుకుని, వారం రోజులపాటు దానినే గట్టిగా చదివించండి. 14 పాదాల ఆ పద్యంలో నాలుగేసి పాదాల మూడు భాగాలుగా ఆలోచన పెరుగుతూ వచ్చి, చివరి రెండు పాదాలలో ముడిపడుతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. ఆ మలుపు ఎక్కడ వచ్చిందో అమ్మాయినే గుర్తించమనండి. తెలుగు మాధ్యమాన్ని లోటుగా భావించకండి. గణవిభజన చేసిన పిల్లకు లయ మీద చెవి ఉంటుంది. మన ఛందస్సు గురులఘువులను లెక్కిస్తే ఆంగ్ల ఛందస్సు ఊనికను, అంటే నొక్కి పలికే అక్షరాలను, లెక్కిస్తుంది, అంతే తేడా.

జవాబు (భీమవరం): పై సూచన మంచిదే అయినా, నాలుగు శతాబ్దాల నాటి భాషతో మొదలుపెడితే పిల్ల బెదిరిపోతుందని నా అభిప్రాయం. ముందు ఆర్.కె. నారాయణ్ చిన్న కథలు చదివించండి. వాక్యాలు సరళంగా ఉంటాయి, మనుషులు మన వీధివాళ్లలాగే కనిపిస్తారు.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. కథలతో మొదలుపెట్టి, దసరా సెలవుల్లో సానెట్ చదివిస్తాను. రాజమహేంద్రవరం వచ్చినప్పుడు గౌతమీ గ్రంథాలయంలో ఈ పుస్తకాల కోసం అడుగుతాను.