సింగపూర్‌లో పట్టుబడిన సైనికుడి వివరాలు కావాలి

మా ముత్తాత మద్రాస్ సాపర్స్‌లో (బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) సైనికుడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు జపాన్‌వాళ్లకు పట్టుబడ్డారు. 17న భారత సైనికులను ఫారర్ పార్కులో విడిగా జమచేశారు కదా, అక్కడిదాకా తెలుసు. 1945 సెప్టెంబర్ 12న జపాన్ అక్కడ లొంగిపోయాక ఇంటికొచ్చారు. మధ్యలో సింగపూర్‌లోనే ఉంచారో, న్యూగినీకి పంపారో ఏమో.

ఇంట్లో ఉన్నది డిశ్చార్జి కాగితం ఒక్కటే. మడత దగ్గర చిరిగి సర్వీసు నంబరులో చివరి రెండంకెలు పోయాయి. సింగపూర్‌లోని క్రాంజీ యుద్ధ స్మారకం చూడమంటారు అందరూ, కానీ అక్కడుండేది చనిపోయినవాళ్ల పేర్లే. లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో జపాన్ సైన్యం రాసిన ఖైదీల కార్డుల్లో (డబ్ల్యూఓ 345) ఇంటిపేరు ముందుపెట్టి, వెనకపెట్టి, స్పెల్లింగ్ మార్చి వెతికినా దొరకలేదు.

1945లో సింగపూర్‌లో విడుదలైన భారత సైనికుల జాబితాలు ఎక్కడ దొరుకుతాయి?