సమస్యాపూరణం: తీగ తెగినవేళ తీపి హెచ్చె

ఈ వేసవి కచేరీలలో ఒక సాయంత్రం, మోహన ఆలాపన మధ్యలో వయొలిన్ తీగ టప్పున తెగింది. గాయని ఆగలేదు. వయొలిన్ విద్వాంసుడు తెగిన కొసను పక్కకు మడిచి, కాసేపటికి మిగిలిన తీగల మీదే అందుకున్నారు. బాలమురళీకృష్ణ గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి వద్ద విద్య నేర్చిన బెజవాడ ఇది. సభలో ఒక్కరూ కదలలేదు. ఆటవెలది నాలుగో పాదంగా ఈ సమస్య ఆ రాత్రే తోచింది. మిగిలిన మూడు పాదాలు మిత్రులు పూరించారు.

బ్రాడీపేట అక్కయ్య గారు:

వాయులీన మాగె, వనిత గొంతున నొంటి
మోహనమ్ము పారె, మురిసె సభయు;
మూడు తీగలందె మోగించి తోడిచ్చె;
తీగ తెగినవేళ తీపి హెచ్చె.

అక్కయ్య గారూ, యతులు చక్కగా కుదిరాయి. “ఒంటి మోహనమ్ము” ఆ రోజు సభలో ఉన్నవారికే దొరికే మాట. “సభయు”లో “యు” కేవలం పూరకం. “మురిసెను సభ” అన్నా గణం చెడదు. మూడో పాదానికి కర్త లేదు, తోడిచ్చినది ఎవరో చెప్పాలి.

వయొలిన్ నేర్పే మిత్రుడు: సాధారణంగా తెగేది సన్నని పంచమం తీగే. అది లేకుండా తారస్థాయి, అంటే పై స్థాయి, పలకాలంటే దాని పక్కనున్న మధ్యషడ్జం తీగ మీద చేయి చాలా పైకి జరగాలి. అపస్వరం పొంచి ఉంటుంది. “తీగలందె” అన్నచోట ఆ కష్టమంతా పలికింది.

సత్యనారాయణపురం మాస్టారు:

గాలి లేచె, మైకు గరగర మని యాగె;
మంద్రషడ్జ మపుడు మనసు తాకె;
వీధి కంబమందు విద్యుత్తు పోవగ
తీగ తెగినవేళ తీపి హెచ్చె.

మాస్టారూ, రెండో పాదం నన్ను పట్టేసింది. మైకు హోరులో ముందుగా మునిగిపోయేది మంద్రస్థాయే, అంటే కింది స్థాయే. కానీ తీగ తెగాక కదా విద్యుత్తు పోయేది? మీ మూడో పాదంలో కార్యం ముందు, కారణం వెనుక పడ్డాయి. “వీధి కంబమందు వేగంపు విసురుకు” అంటే గాలికి తీగ తెగిందని అర్థం నిలుస్తుంది, వీ–వే యతీ చెల్లుతుంది.

తాడేపల్లి తమ్ముడు:

ఏటి యిసుక లంక యెండలో కర్బూజ
పండి జారె, దాని పంచినారు
పాడి యలసినట్టి పాటగాండ్రకు నెల్ల;
తీగ తెగినవేళ తీపి హెచ్చె.

తమ్ముడూ, తంత్రిని లతగా మార్చి కృష్ణ లంకను కచేరీలోకి తెచ్చావు! ఒక్క సందేహం: కర్బూజ పండితే తొడిమ విడుతుంది, తీగ తెగదు కదా?

తాడేపల్లి తమ్ముడు: “తీగ నుంచి తెగిన” అనే అర్థంలో వాడాను అన్నయ్యా. తీపి పట్టేదంతా తీగ మీదే. కోసి తెచ్చిన కాయ మెత్తబడుతుంది గాని తీపెక్కదు. తనంతట తాను విడిందంటే అప్పటికి తీపి నిండినట్టే.

అయితే “పండి జారె”లోనే నీ సమాధానం ఉంది. ఆ పాదాన్ని ముట్టుకోవద్దు.